ఉప్పు తగ్గిన కేసు: గ్రాండ్ కేన్యన్‌లో రెండు వారాల రాఫ్టింగ్

ముందు కేసు నాలుగు ముక్కల్లో చెబుతాను. అరవై దాటిన మహిళ. విజయవాడ నుంచి డల్లాస్‌లో ఉంటున్న కూతురి దగ్గరికి వచ్చారు. శాకాహారి. బీపీకి రోజూ పొద్దున ఒక మాత్ర వేసుకుంటారు, అంతకు మించి జబ్బేమీ లేదు. కూతురు, అల్లుడు, మనవరాలితో కలిసి జులైలో గ్రాండ్ కేన్యన్ అడుగున, కొలరాడో నది మీద దాదాపు రెండు వారాల రాఫ్టింగ్ ట్రిప్‌కి వచ్చారు. అయిదో రోజు మధ్యాహ్నం తలనొప్పి, వికారం, ఒక వాంతి, చేతి వేళ్ల వాపు. దగ్గర్లో రోడ్డు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. చీకటి పడటానికి ఇంకా నాలుగైదు గంటలుంది.

ఆ ట్రిప్‌లో ఒక రాఫ్ట్ నడిపిన గైడ్‌ని నేను. మందుల పెట్టె నా దగ్గరే ఉండేది, వైద్యానికి సంబంధించిన నిర్ణయాలూ నావే. కుటుంబం ఒప్పుకున్నాకే, వాళ్లని గుర్తుపట్టే వివరాలు తీసేసి ఇది రాస్తున్నాను. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లు అమ్మానాన్నల్ని ఇలాంటి ట్రిప్‌లకి తీసుకురావడం చూస్తే నాకు చాలా సంతోషం. వాళ్లు నన్ను ముందుగా అడిగేది మాత్రం రాపిడ్ల గురించే, అంటే నది రాళ్ల మధ్య ఉరకలెత్తే చోట్ల గురించే. "అమ్మ నీళ్లలో పడిపోతే ఎలా?" అంటారు. రాపిడ్లలో గడిచేది రోజుకి కొన్ని నిమిషాలు. మిగతా రోజంతా ఎండ, ఇసుక, తిండి, తాగే నీళ్లు, ఒంటికి వెళ్లడం. జనం జబ్బు పడేది ఎక్కువగా ఈ మిగతా రోజులోనే.

నది ఎలాంటిది

మేం రాఫ్ట్‌లు ఎక్కే లీస్ ఫెర్రీ దగ్గర నది మైలు సున్నా. అక్కడి నుంచి మేం ఒడ్డెక్కే డైమండ్ క్రీక్ 226 మైళ్లు, అంటే 360 కిలోమీటర్ల పైమాటే. నాలుగో మైలు దగ్గర నవాహో బ్రిడ్జి తల మీదుగా ఎక్కడో ఎత్తున పోతుంది. అది దాటాక డైమండ్ క్రీక్ దాకా నది ఒడ్డుకి దిగే రోడ్డు ఒక్కటీ లేదు. మధ్యలో 88వ మైలు దగ్గర ఫాంటమ్ రాంచ్ ఉంది. అక్కడ కొద్దిపాటి వసతి, రేంజర్ల (పార్కు రక్షణ సిబ్బంది) స్టేషన్ ఉంటాయి. అక్కణ్ణించి పైన రోడ్డు దాకా ఉన్న కాలిబాట సుమారు 4,400 అడుగుల ఎత్తు ఎక్కుతుంది.

1963లో గ్లెన్ కేన్యన్ డ్యామ్ గేట్లు మూసినప్పటి నుంచి ఈ నదిలోకి వచ్చేవి రిజర్వాయర్ లోతుల్లోని నీళ్లు. మామూలుగా పది డిగ్రీల అటూఇటూ చల్లగా ఉంటాయి. రిజర్వాయర్ మట్టం బాగా పడిపోయిన ఈమధ్య ఏళ్లలో కాస్త వెచ్చగానే వస్తున్నాయి. జులైలో గాలి మాత్రం 40 డిగ్రీలు దాటుతుంది. మన పేపర్లలో క్యూసెక్కుల లెక్క చదివే అలవాటున్నవాళ్లకి ఇంకో సంగతి చెప్పాలి. డ్యామ్ నుంచి మాకు అందిన ప్రవాహం పది, పదిహేను వేల క్యూసెక్కుల మధ్య ఉంది. 2024 సెప్టెంబర్ వరదల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షలు దాటింది. అల్లుడుగారు మొదటి రోజు ఈ లెక్కే చెప్పి, "ఇంతేనా?" అన్నారు. నీళ్ల మొత్తం తక్కువే, కానీ అవి పోయే దారి ఇరుకు. నది మైలుకి సగటున ఎనిమిది అడుగులు దిగుతుంది. ఆ దిగుడులో సగం, నది పొడవులో పదో వంతు కూడా లేని రాపిడ్ల దగ్గరే జరిగిపోతుంది. పక్క లోయల నుంచి కుంభవృష్టికి కొట్టుకొచ్చిన బండరాళ్లు నదికి అడ్డంపడితే రాపిడ్ పుడుతుంది. 98వ మైలు దగ్గరి క్రిస్టల్ రాపిడ్ 1966 డిసెంబర్‌లో అలా ఒక్క వరదతో పెద్దదైంది.

రాఫ్ట్‌లో కూర్చున్నవాళ్లని ఈ చలి, వేడి రెండూ కలిసి మోసం చేస్తాయి. రాపిడ్లో తడిస్తే వణుకు వస్తుంది. పావుగంటలో బట్టలు ఆరిపోతాయి. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టు ఆవిరైపోతుంది. మెడ మీద తెల్లగా ఉప్పు పొర కనిపిస్తేనే ఎంత చెమట పోయిందో అర్థమయ్యేది.

మొదటి నాలుగు రోజులు

ఈ భాగం నాకు తర్వాత తెలిసింది. కొంత ఆవిడ నోట, కొంత కూతురి నోట. ఆ రోజుల్లో ఆవిడ వేరే గైడ్ రాఫ్ట్‌లో కూర్చునేవారు.

ఈ నది మీద మరుగుదొడ్డి విషయంలో నియమం ఒకటుంది. మలం ప్రత్యేకమైన పెట్టెలో పట్టి ట్రిప్ చివరిదాకా మోసుకెళ్లాలి. ఆ పెట్టెని మేం గ్రూవర్ అంటాం. క్యాంప్‌లో ఓ మూల, చాటుగా పెడతాం. మూత్రం మాత్రం నదిలోనే పోయాలి. ఏటా వేలమంది దిగే ఇసుక ఒడ్లు అవి, వాన చాలా తక్కువ. ఇసుకలో పోస్తే వారంలోనే ఆ చోట నిలబడలేం. నది ఎంత పెద్దదంటే అందులో అది లెక్కలోకి రాదు. ఆడవాళ్లు ఎగువకి, మగవాళ్లు దిగువకి అని ఒక ఆనవాయితీ. మొదటి రోజు ఉపన్యాసంలో గైడ్లందరూ ఇది నవ్వుతూ, చకచకా చెప్పేస్తారు. ఇంగ్లీషులో, ఇరవై మంది ముందు.

విజయవాడ నుంచి వచ్చిన పెద్దావిడకి, పక్కన అల్లుడు నిలబడి ఉండగా, ఆ మాటలు ఎలా వినబడతాయో ఆలోచించండి. ఆవిడ చేసిన పని ఆవిడ స్థానంలో ఉంటే చాలామంది చేసేదే. నీళ్లు తాగడం మానేశారు. పొద్దున చీకటితోనే ఒకసారి, రాత్రి చీకటి పడ్డాక ఒకసారి వెళ్లేవారు. పగలంతా రెండు గుక్కలతో సరిపెట్టుకునేవారు. రెండో రోజు సాయంత్రానికి తలపోటు, మలబద్ధకం. కూతురు గమనించి కంగారుపడ్డారు. అల్లుడుగారు పద్ధతి గల మనిషి. మూడో రోజు నుంచి గంట గంటకీ సీసా నింపి చేతికిచ్చి, ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చునేవారు. ప్రేమతో చేసిన పనే. అల్లుడు ఇచ్చిన నీళ్లు కాదనలేక ఆవిడ తాగేశారు.

తిండి సంగతి ఇంకోలా జరిగింది. కిచెన్‌లో శాకాహారం ఉంది. కానీ మాంసం కాల్చిన పెనం మీదే కూరగాయలు కాల్చడం ఆవిడ మొదటి రాత్రే చూశారు. అప్పటి నుంచి పళ్లు, పెరుగు, కాస్త బ్రెడ్డు. ఇంటి నుంచి తెచ్చిన డబ్బాలో చేగోడీలు, అటుకుల మిక్స్చర్, మాగాయ ఉన్నాయి. అవి మనవరాలికి పెట్టేవారు. ఆవిడ ముట్టలేదు. బీపీ ఉంది కదా, ఉప్పు తగ్గించమని ఊళ్లో డాక్టర్ చెప్పారు. ఎప్పుడో చెప్పిన ఆ మాట ఇక్కడా తు.చ. తప్పకుండా పాటించారు.

అంటే రెండు రోజులు నీళ్లు లేకుండా, తర్వాత రెండు రోజులు ఉప్పు లేకుండా ఉత్త నీళ్లు. పైన చెమట.

అయిదో రోజు

61వ మైలు దాటాక లిటిల్ కొలరాడో వచ్చి కలుస్తుంది. వరద లేనప్పుడు ఆ నీళ్లు లేత నీలంగా, పాలు కలిపినట్టు ఉంటాయి. ఇక్కడి ఆదివాసులైన హోపీ, నవాహో ప్రజలకి అది పవిత్రమైన చోటు. అక్కడ అందరూ ఆ రంగు చూస్తుంటే ఆవిడ రాఫ్ట్‌లోనే తల పట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి వాంతి చేసుకున్నారు. ఆ రాఫ్ట్ గైడ్ నన్ను పిలిచాడు. అతను అప్పటికే పలకరించి చూశాడు. రోజు ఏమిటని అడిగితే ఆవిడ జవాబు చెప్పలేదట. "అయోమయంలో ఉన్నట్టుంది" అన్నాడు.

నేను పక్కన కూర్చుని తెలుగులో మాట కలిపాను.

"ఏం లేదమ్మాయ్, ఎండ దెబ్బ. కాసేపు నడుం వాలిస్తే అదే పోతుంది."

"ఆంటీ, పొద్దున టిఫిన్ ఏం తిన్నారు?"

"అరటిపండు. పెరుగు రెండు చెంచాలు."

"మనవరాలు ఏ కాలేజీలో చేరుతోంది?"

చెప్పారు. ఏ కోర్సో, ఫీజు ఎంతో కూడా చెప్పారు. ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమంటే కాస్త విసుక్కుంటూనే తడబడకుండా లెక్కపెట్టారు. మనిషి స్పృహలో ఉన్నారు, అయోమయం లేదు. నది మీద అయిదో రోజుకి ఏ వారమో నాకే గుర్తుండదు. తల పగిలిపోతుంటే పరాయి భాషలో అడిగిన ప్రశ్నకి మౌనంగా ఉండటం ఎవరికైనా సహజం. అయోమయం ఉందా లేదా అన్నదాని మీదే హెలికాప్టర్ నిర్ణయం ఆధారపడి ఉంటుంది. అందుకే ఆ పరీక్ష మనిషి సొంత భాషలో చేయాలని నేను గట్టిగా చెబుతాను. గైడ్‌కి ఆ భాష రాకపోతే కుటుంబంలో ఒకర్ని కూర్చోబెట్టి అడిగించాలి.

తర్వాతి ప్రశ్నకి అల్లుడుగారు దూరంగా వెళ్లేదాకా ఆగాను.

"ఒంటికి ఎన్నిసార్లు వెళ్తున్నారు?"

"ముందు పోయేదాన్ని కాదు. ఇప్పుడు గంటకోసారి. అందరి ముందు ఎట్లా కూర్చుంటామమ్మా? చచ్చే సిగ్గు."

"రంగు?"

"రంగేం లేదు. నీళ్లలాగే."

అప్పుడు చేతులు చూశాను. గాజులు మణికట్టు దగ్గర బిగిసిపోయి చర్మంలో గీత పడింది. ఉంగరం తిరగట్లేదు. లీస్ ఫెర్రీ దగ్గర లైఫ్ జాకెట్ బిగించినప్పుడు అవే గాజులు మోచేతి దాకా జారడం నాకు గుర్తుంది.

ఏది అయి ఉండొచ్చు

కేన్యన్ అడుగున రక్త పరీక్ష లేదు. చూపు, మాట, నాడి, థర్మామీటర్, బీపీ మిషన్, అడిగే ఓపిక, ఇవే సాధనాలు.

వడదెబ్బ అయితే ఒళ్లు కాలిపోవాలి, మనిషి తికమక పడాలి. ఆవిడ ఒంటి వేడి మామూలుకి కాస్త ఎక్కువ, అంతే. ఒంట్లో నీరు తగ్గిందా అంటే నోరు తడిగానే ఉంది, మూత్రం రంగు లేకుండా పోతోంది, నిలబడితే కళ్లు తిరగట్లేదు. కడుపు ఇన్ఫెక్షన్‌ని ఈ నది మీద ఎవరూ తేలిగ్గా తీసుకోరు. 2022 వసంతంలో నోరోవైరస్ ఇక్కడి రాఫ్టింగ్ బృందాలకీ, హైకర్లకీ పాకి రెండు వందల మందికి పైగా జబ్బుపడ్డారు. కానీ ఆవిడకి విరేచనాలు లేవు, బృందంలో ఇంకెవరికీ వాంతులు లేవు. చెయ్యీ కాలూ రెండు వైపులా ఒకేలా ఆడుతున్నాయి, మూతి వంకర లేదు, ఛాతీలో నొప్పి లేదు.

మిగిలింది రక్తంలో సోడియం తగ్గడం. వైద్యులు దీన్ని హైపోనేట్రీమియా అంటారు. లీటరు రక్తంలో 135 మిల్లీ ఈక్వివలెంట్ల కంటే తగ్గితే తక్కువ కింద లెక్క. ఎండలో చెమటతో ఉప్పు పోతుంది. పోయిన చోట ఉత్త నీళ్లు నింపితే రక్తం పలచబడుతుంది, ఆ నీరు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయి. వేళ్లు ఉబ్బితే ఉంగరం బిగుస్తుంది. మెదడు ఉబ్బితే మొదట తలనొప్పి, వికారం. ముదిరితే మత్తు, ఫిట్స్. గ్రాండ్ కేన్యన్‌లో నడిచే హైకర్లలో దీని గురించి 1990లలోనే వైద్య పత్రికల్లో రాశారు. పార్క్ రేంజర్లు ఇప్పటికీ నీళ్లతో పాటు ఉప్పగా ఉండే తిండి తినమని ప్రతి బోర్డు దగ్గరా చెబుతుంటారు. చిక్కేమిటంటే దీని మొదటి లక్షణాలు వడదెబ్బ మొదటి లక్షణాల్లాగే ఉంటాయి. చూసినవాళ్లు ప్రేమకొద్దీ ఇంకో సీసా నీళ్లు తాగిస్తారు. జబ్బు ముదురుతుంది.

ఇక మాత్ర. మెడికల్ ఫారంలో "బీపీ మాత్ర" అని మాత్రమే ఉంది. డబ్బా తెప్పించి చదివాను. టెల్మిసార్టాన్‌తో పాటు హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. ఈ రెండోది మూత్రంతో ఉప్పుని బయటికి పంపే మందు. పైగా ఎక్కువైన నీటిని వదిలించుకునే శక్తిని మూత్రపిండాల్లో తగ్గిస్తుంది. మంచి మందే, మన ఊళ్లలో లక్షలమంది వాడేదే. ఇంట్లో ఫ్యాన్ కింద, పప్పూ పచ్చడీ తింటున్న మనిషికి దానితో ఏ ఇబ్బందీ లేదు. ఉప్పు మానేసి, నలభై డిగ్రీల ఎండలో, గంటకో సీసా నీళ్లు తాగుతున్న మనిషి సంగతి వేరు.

ఎక్కడ ఆగాలి

రాపిడ్ దగ్గర ఎడమకా కుడికా అన్నదానికంటే ఈ ప్రశ్న నాకు బరువుగా అనిపించింది. అనుకున్న ప్రకారం ఆ సాయంత్రం హాన్స్ రాపిడ్ దగ్గరి దాకా వెళ్లాలి. 77వ మైలు దగ్గర హాన్స్ వస్తుంది. దాని తర్వాత అప్పర్ గ్రానైట్ గార్జ్ మొదలవుతుంది. అక్కడి వరకు విశాలంగా ఉన్న లోయ ఒక్కసారి ముడుచుకుంటుంది. 170 కోట్ల ఏళ్ల నాటి నల్లటి శిలలు నీళ్లలోంచి నిట్టనిలువుగా లేస్తాయి. చూడటానికి అంత అందమైన చోటు ఈ నది మీద నాకింకోటి లేదు. కానీ అక్కడ హెలికాప్టర్ దిగే చోట్లు తక్కువ. ఆకాశం సన్నటి చీలికలా కనబడుతుంది కాబట్టి శాటిలైట్ ఫోన్ కూడా నమ్మకంగా కలవదు. చీకటి పడితే హెలికాప్టర్ రావడం కష్టం.

అందుకే ట్రిప్ లీడర్‌తో మాట్లాడి 69వ మైలు దగ్గర, టానర్ ఒడ్డున ఆపేశాం. విశాలమైన ఇసుక, తెరిచిన ఆకాశం, సూర్యాస్తమయానికి ఇంకా టైముంది. నీడ ఒక్కటే లేదు. ఆ ప్రాంతాన్ని ఫర్నేస్ ఫ్లాట్స్ అనడం ఊరికే కాదు. తెడ్లు పాతి టార్పాలిన్ కట్టి, నదిలో తడిపిన చున్నీ ఆవిడ మెడ మీద వేసి, మంచం లాంటి కాట్ మీద పడుకోబెట్టాం.

శాటిలైట్ ఫోన్‌లో మా వైద్య సలహాదారుకీ, పార్క్ సర్వీస్‌కీ సంగతి చెప్పాం. డాక్టర్ అన్నీ అడిగి తెలుసుకుని నా అనుమానంతో ఏకీభవించారు. ఉత్త నీళ్లు ఆపమన్నారు, మర్నాటి మాత్ర తాను మళ్లీ మాట్లాడేదాకా వేయొద్దన్నారు. మత్తు, పొంతన లేని మాటలు, ఆగని వాంతులు, ఫిట్స్, వీటిలో ఏ ఒక్కటి కనబడినా వెంటనే హెలికాప్టర్ పిలవమన్నారు. చీకటి పడేలోపు ఇంకోసారి ఫోన్ చేయాలని టైము పెట్టుకున్నాం.

మందు చాలా మామూలుది. అర కప్పు నీళ్లలో మూడు నాలుగు కూరగాయల బులియన్ క్యూబులు (ఉప్పగా ఉండే సూప్ బిళ్లలు) కరిగించి, గుక్క గుక్కగా తాగించడం. అది ఎంత ఉప్పగా ఉంటుందో చెప్పలేను. ఆవిడ మొదటి గుక్కకే ముఖం చిట్లించి, "బీపీ పెరుగుతుందేమో అమ్మాయ్" అన్నారు. బీపీ మిషన్ చూపించి, ప్రతి అరగంటకీ చూస్తానని మాటిచ్చాను. మాంసం తగల్లేదని పాకెట్ మీద రాసింది మనవరాలు చదివి వినిపించాక తాగారు.

ప్రతి అరగంటకీ మాట, నాడి, బీపీ, ఉంగరం. గంట గడిచేసరికి వికారం తగ్గింది. సూర్యుడు కొండ వెనక్కి వెళ్లేసరికి తలనొప్పి సగమైంది. డాక్టర్‌కి మళ్లీ ఫోన్ చేస్తే ఆ రాత్రికి అక్కడే కనిపెట్టుకుని ఉండొచ్చన్నారు. ఆవిడ పక్కన నేనే పడుకున్నాను. మూత ఉన్న బకెట్ ఒకటి, చాటుకి ఒక పెద్ద గొడుగు దగ్గర పెట్టాను. రాత్రంతా చాలాసార్లు లేచారు. ఒంట్లో నిలిచిపోయిన నీరు బయటికి పోతోందని అర్థం. అది నేను ఎదురుచూస్తున్న గుర్తు. తెల్లవారేసరికి ఉంగరం వేలి మీద తిరుగుతోంది.

రక్త పరీక్ష జరగలేదు కాబట్టి దీన్ని నిర్ధారణ అనను, బలమైన అనుమానం అంటాను. ఉప్పు ఇచ్చాక తేరుకున్న తీరు ఆ అనుమానాన్ని ఇంకా బలపరిచింది.

వెళ్లాలా, ఉండాలా

పొద్దున కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడాం. కూతురు ఏడుస్తున్నారు, వెంటనే తీసుకెళ్లిపోదామన్నారు. ఉన్న దారులు మూడు. ప్రాణాపాయం లేనప్పుడు హెలికాప్టర్‌ని సరదాకి పిలవలేం. ఫాంటమ్ రాంచ్ నుంచి జులై ఎండలో అంత ఎత్తు నడిచి ఎక్కడం ఆవిడకి నదికంటే ఎన్నో రెట్లు ప్రమాదం. మూడోది ప్రయాణం కొనసాగించడం. పూర్తిగా తేరుకుంటేనే, నా రాఫ్ట్‌లోనే కూర్చుంటేనే, తిండీ మందూ డాక్టర్ చెప్పినట్టు జరిగితేనే. ఫాంటమ్ దగ్గర మళ్లీ చూసుకుని, తేడా ఉంటే అక్కడి రేంజర్లకి అప్పగించాలనుకున్నాం. ఆవిడ అంతసేపూ విని, "నేను బానే ఉన్నా. ఆ పిల్ల చూడాలనుకున్నది చూడనీయండి" అని మనవరాలిని చూపించారు. డాక్టర్ కూడా సరేనన్నారు.

ఆ రోజు నుంచి క్యాంప్ నడిపే తీరు కొంత మారింది. ఒడ్డున దిగిన వెంటనే ఎగువన ఒక మూల, గొడుగు పాతి, అది ఆడవాళ్లకే అని ప్రకటించాం. దాన్ని ఆవిడకంటే ముందు వాడుకున్నది కొలరాడో రాష్ట్రం నుంచి, ఒహాయో నుంచి వచ్చిన అమెరికన్ మహిళలే. వాళ్లూ నీళ్లు తగ్గించే తాగుతున్నారని అప్పుడు బయటపడింది. సిగ్గు ఒక్క దేశం వాళ్లదే కాదు. కిచెన్‌లో ఒక పెనం, ఒక గరిటె శాకాహారానికి విడిగా పెట్టాం. గంటకో సీసా పద్ధతి ఆపి, దాహమేసినప్పుడు తాగడం, తాగిన ప్రతిసారీ ఏదో ఒకటి తినడం మొదలుపెట్టాం. మధ్యాహ్నం అన్నంలో మాగాయ, సాయంత్రం చేగోడీలు. డాక్టర్ అనుమతితో, బీపీ చూసుకుంటూనే.

1869లో జాన్ వెస్లీ పావెల్ బృందం మొదటిసారి ఈ నది పొడవునా వచ్చినప్పుడు కూడా తిండే వాళ్లని దెబ్బతీసింది. చివరికి వాళ్ల దగ్గర మిగిలింది బూజు పట్టిన పిండి, ఎండిన ఆపిల్స్, కాఫీ. ఆగస్టు 28న ముగ్గురు ఇక ముందుకు రామని సెపరేషన్ కేన్యన్ దగ్గర పైకెక్కి వెళ్లి హత్యకు గురయ్యారు. మిగతావాళ్లు రెండు రోజుల్లో లోయ దాటి బయటపడ్డారు. భయపెట్టిన రాపిడ్ ముందుంది నిజమే. కానీ కడుపునిండా తిండి ఉన్న బృందం ఆ రాపిడ్‌ని వేరే కళ్లతో చూసేదేమో అని నాకు అనిపిస్తుంది.

రాపిడ్లు

హాన్స్ ముప్పై అడుగుల దాకా దిగుతుంది, రాళ్ల మధ్య దారి మెలికలు. ఆవిడని వెనక సీట్లో, సామాను మీద కూర్చోబెట్టాను. ముందువాళ్ల మీద పడే అల వెనక సీటు దాకా అంత బలంగా రాదు. రెండు చేతులతో తాడు, నీళ్లలో పడితే వెల్లకిలా తిరిగి కాళ్లు దిగువ వైపు పెట్టడం, రాఫ్ట్ ఒక పక్కకి లేస్తే లేచిన వైపుకి బరువు వేయడం, ఇవన్నీ ఒడ్డున తెలుగులో మళ్లీ చెప్పి చేయించాను. మొదటి రోజు ఇంగ్లీషు ఉపన్యాసంలో కాళ్ల సంగతి ఆవిడకి అర్థం కాలేదని అప్పుడు తెలిసింది.

క్రిస్టల్‌ని కుడి అంచు పట్టుకుని దాటాం. 1983 జూన్‌లో డ్యామ్ నుంచి భారీగా నీళ్లు వదలాల్సి వచ్చినప్పుడు ఈ ఒక్క రాపిడ్‌లో పెద్ద మోటార్ రాఫ్ట్‌లు కూడా తిరగబడ్డాయి. మాకు ఆ రోజు నది దయగానే ఉంది. 179వ మైలు దాటాక వచ్చే లావా ఫాల్స్ రాపిడ్ దగ్గర ఆవిడకి నడిచి దాటే అవకాశం ఇచ్చాను. వద్దన్నారు. ఇరవై సెకన్ల పాటు తెల్లటి నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. రాఫ్ట్ నిండా నీళ్లతో బయటికొచ్చాం. వెనక్కి తిరిగి చూస్తే తాడు రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చున్నారు. "అయిపోయిందా?" అని అడిగారు.

ఆ తర్వాత

డల్లాస్ వెళ్లాక రక్త పరీక్ష చేయించారు. అప్పటికి సోడియం మామూలుగానే ఉంది. జరిగింది విన్న డాక్టర్ హైడ్రోక్లోరోథయజైడ్ లేని మాత్ర రాశారు. ఇంట్లో ఉప్పు తగ్గించే నియమం మళ్లీ మొదలైంది. అదే సరైనది. కేన్యన్‌లో ఇచ్చిన ఉప్పు ఆ ఎండకి, ఆ చెమటకి మాత్రమే. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లు ఇది చదివి సొంతంగా ఉప్పు పెంచుకోకూడదు.

ఇప్పుడు పెద్దవాళ్లని తీసుకొచ్చే కుటుంబాలతో ట్రిప్‌కి నెల ముందు నేను ఫోన్‌లో మాట్లాడతాను. మాత్రల డబ్బాల ఫోటోలు పంపమంటాను, రెండు వైపులా. బీపీ మాత్రలో నీరు పోవడానికి ఇచ్చే మందు కలిసి ఉంటే, ఎండలో రెండు వారాలు గడపబోతున్నామని ముందే వాళ్ల డాక్టర్‌కి చెప్పి, మోతాదు అడిగి రమ్మంటాను. అమ్మగారితో విడిగా, ఫోన్ స్పీకర్‌లో కాకుండా మాట్లాడతాను. ఒంటికి ఎక్కడికి వెళ్లాలో, రాత్రి బకెట్ ఎలా వాడాలో, చాటు ఎలా ఉంటుందో అన్నీ చెబుతాను. పొడవాటి వదులు కాటన్ గౌను ఒకటి, సొంత గొడుగు ఒకటి తెచ్చుకోమంటాను. తిండి విషయంలో ఆవిడకి ఏం నచ్చదో అడిగి కిచెన్‌కి రాసి ఇస్తాను. ఉంగరాలు, గాజులు ఇంట్లో పెట్టి రమ్మంటాను. వేళ్లు ఉబ్బాక వాటిని తీయడం కష్టం, కోయాల్సి వస్తుంది. పచ్చళ్లు తప్పకుండా తెచ్చుకోమంటాను, గాజు సీసాలో కాదు, ప్లాస్టిక్ డబ్బాలో, మూతకి చుట్టూ టేప్ వేసి.